దిబ్రు-సైఖోవా గుర్రాలు: చిన్న మంద ఎన్ని తరాలు నిలబడుతుంది?

పాకాల_పక్షి (నర్సంపేట)
అందరికీ నమస్తే. ఈ చలికాలం పక్షుల కోసం అస్సాం వెళ్లాను. తిన్‌సుకియా దగ్గర గుయిజాన్ ఘాట్‌లో పడవెక్కి దిబ్రు-సైఖోవా నేషనల్ పార్కులోకి పోతుంటే, బ్రహ్మపుత్ర మధ్యలో ఇసుక దిబ్బ మీద గుర్రాలు కనిపించాయి. పగ్గం లేదు, నాడా లేదు, యజమాని లేడు. ఒక మగది, ఐదారు ఆడవి, రెండు పిల్లలు. పడవ ఇంజను చప్పుడుకు మగది ఒక్కటే తలెత్తి మావైపు చూసింది. మిగతావి మేత ఆపలేదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక శిబిరాల గుర్రాల సంతానం అని అక్కడివాళ్లు చెప్తారు. అదే నిజమైతే దాదాపు ఎనభై ఏళ్లుగా అవి తమలో తాము కలుస్తూ బతుకుతున్నాయి. ఏటా వరదలు వస్తాయి. పట్టుకుపోయి అమ్ముకునేవాళ్లు ఉన్నారు. 2020 మే 27న పార్కు పక్కనే బాగ్‌జాన్‌లో గ్యాస్ బావి పేలింది, జూన్ 9న మంటలంటుకున్నాయి, నవంబరు దాకా అదుపులోకి రాలేదు.

నేను అడిగేది ఒకటే. బయటి రక్తం రాని ఇలాంటి మంద ఎంతకాలం నిలబడుతుంది? మామునూరు పశువైద్య కళాశాలలో చదివినవాళ్లు ఇక్కడ ఉన్నారు కదా, కాస్త వివరంగా చెప్పండి.

మామునూరు_వెట్ (హన్మకొండ)
అన్నా, మీరు ఆ మందను చూసొచ్చారు కాబట్టి మీకు తేలిగ్గా అర్థమవుతుంది. ఆ దిబ్బ మీద మీరు చూసిన పిల్లలు రెండూ బహుశా ఆ ఒక్క మగదాని పిల్లలే. గుర్రాలు బతికే తీరే అంత. ఒక బలమైన మగది, దాని వెంట కొన్ని ఆడవి. కుర్ర మగవాటిని రెండు మూడేళ్ల వయసులో గుంపు బయటికి తరిమేస్తుంది. అవి విడిగా తిరుగుతుంటాయి. వాటిలో చాలావాటికి జన్మలో ఒక్క పిల్ల కూడా పుట్టదు. అందుకే మందలో ఎన్ని తలలున్నాయో లెక్కపెట్టినంత మాత్రాన దాని బలం తెలియదు. ఎన్ని మగవి తండ్రులవుతున్నాయో తెలియాలి.

ప్రకృతి ఒక కట్టడి పెట్టింది. ఆడ పిల్లలు కూడా ఈడు రాగానే పుట్టిన గుంపు వదిలి వేరే గుంపులో చేరతాయి, కాబట్టి తండ్రీకూతుళ్లు కలవడం తక్కువ. కానీ చుట్టూ నీళ్లున్న చోట ఏ గుంపులోకి పోయినా చుట్టాలే ఉంటే ఆ కట్టడి పనిచేయదు. అప్పుడు ఏమవుతుందంటే, తల్లిలో ఒకటి తండ్రిలో ఒకటి దాగి ఉన్న చెడ్డ జన్యువులు పిల్లలో జతపడతాయి. చూలు నిలవడం తగ్గుతుంది. పుట్టినవి బలహీనంగా ఉంటాయి. నన్ను ఎక్కువగా భయపెట్టేది మాత్రం రోగనిరోధక జన్యువులు. అవి అన్నిటిలో ఒకేలా ఉంటే, ఒక్కదానికి తగిలిన రోగం మందంతా ఊడ్చుకుపోతుంది.

గొంగడి (జనగామ)
డాక్టర్ సార్, ఈ సంగతి మా పెద్దోళ్లకు ఎరుకే. మాది కురుమ కుటుంబం. మా తాత మందలో పుట్టిన పొట్టేలును అదే మందకు వదిలేవాడు కాదు. పక్క ఊరి కురుమోళ్లతో మార్చుకునేవాడు. వాళ్ల పొట్టేలు మా దగ్గరికి, మాది వాళ్ల దగ్గరికి. ఎందుకు తాతా అంటే "ఒక్క రక్తమైతే మంద చిన్నబోతది" అనేవాడు. ఆ గుర్రాలకు మార్చేటోళ్లు ఎవరూ లేరన్నమాట.

మామునూరు_వెట్
సరిగ్గా పట్టుకున్నారు. గుర్రాల మందల కోసం అమెరికావాళ్లు రాసిపెట్టుకున్న పద్ధతి కూడా మీ తాత పద్ధతే. దాని గురించి కింద రాస్తాను.

లెక్కల_టీచర్ (పరకాల)
నాకు జంతువుల గురించి పెద్దగా తెలియదు, కానీ డాక్టర్ గారు చెప్పినదాన్ని అంకెల్లో చూపించొచ్చు. జన్యుశాస్త్రంలో దీనికి ఒక సూత్రం ఉంది. తండ్రులయ్యే మగవాటి సంఖ్యను తల్లులయ్యే ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని 4తో గుణించి, మొత్తం సంఖ్యతో భాగించాలి. వచ్చేది మందకు ఉన్న అసలు బలం.

25 మగవి, 25 ఆడవి అయితే జవాబు 50. అదే 50 గుర్రాల్లో 5 మగవే తండ్రులై, 45 ఆడవి ఉంటే జవాబు 18. అంటే యాభై గుర్రాల మంద పద్దెనిమిదింటి మందలా నడుస్తుంది. ప్రతి తరంలో పోయే వైవిధ్యం, ఒకటిని ఆ బలానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. ఇక్కడ 36లో ఒక వంతు, అంటే దాదాపు 2.8 శాతం. చూడటానికి చిన్నదే. కానీ పది తరాలు గడిస్తే మొదట ఉన్నదాంట్లో 75 శాతమే మిగులుతుంది. గుర్రానికి ఒక తరం అంటే సుమారు పదేళ్లు, కాబట్టి నూరేళ్లలో పావు వంతు పోయినట్టు.

వరదల సంగతి ఇంకా కష్టం. ఒక మంద బలం నాలుగు తరాల్లో 200, 200, 20, 200 ఉందనుకోండి. మామూలు సగటు 155. కానీ జన్యువుల విషయంలో హరాత్మక సగటు, అంటే చిన్న అంకెకే ఎక్కువ బరువిచ్చే సగటు, తీసుకోవాలి. అది 61.5 మాత్రమే. ఒక్క చెడ్డ తరం మిగతా మూడు మంచి తరాలనూ కిందికి లాగేస్తుంది. తర్వాత మంద మళ్లీ రెండు వందలకు పెరిగినా, పోయిన జన్యువులు తిరిగి రావు.

పాకాల_పక్షి
టీచర్ గారూ, ఈ వరద లెక్క నేనెక్కడా వినలేదు. బ్రహ్మపుత్రకు సరిగ్గా సరిపోతుంది. ధన్యవాదాలు.

హాలిఫాక్స్‌లో_ఓరుగల్లు (కెనడా, సొంతూరు కాజీపేట)
మా ఊరి గ్రూపులో ఈ టాపిక్ చూసి చాలా సంతోషం వేసింది. నేనుండే హాలిఫాక్స్‌కు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ మధ్యలో సేబుల్ ఐలాండ్ ఉంది. నెలవంక ఆకారంలో సన్నటి ఇసుక దిబ్బ. పొడవు నలభై కిలోమీటర్ల పైనే, వెడల్పు మాత్రం కిలోమీటరున్నర కూడా మించదు. దాని మీద సుమారు 500 గుర్రాలున్నాయి. 1700ల మధ్యలో మనుషులు దించినవాటి సంతానం.

1961 నుంచి చట్టం వాటిని కాపాడుతోంది. 2013లో ఆ దీవి నేషనల్ పార్క్ రిజర్వ్ అయింది. ఇక్కడివాళ్ల పద్ధతి ఏమిటంటే, అస్సలు ముట్టుకోరు. మేత వేయరు, మందు వేయరు, బయటి గుర్రాన్ని తేరు. అనుమతితో వెళ్లినవాళ్లు కూడా గుర్రాలకు 20 మీటర్ల దూరం పాటించాలి. పరిశోధకులు ఒక్కో గుర్రాన్నీ ఫొటోల ద్వారా విడిగా గుర్తుపట్టి, ఏది ఏ గుంపులో ఉంది, ఏది కన్నది, ఏది చనిపోయింది అని ఏటా రాసుకుంటారు. చలికాలం గట్టిగా వస్తే చాలా చనిపోతాయి. జన్యు వైవిధ్యం తక్కువే. అయినా మంద నిలబడింది. మరి దీన్నేమంటారు డాక్టర్ గారూ?

మామునూరు_వెట్
మంచి ఉదాహరణ తెచ్చారు. అందుకే వైవిధ్యం తగ్గిన ప్రతి మందా రేపే పోతుంది అనడం సరికాదు. ఇంగ్లండ్‌లో చిల్లింగ్‌హామ్ పశువులని ఉన్నాయి. మూడు వందల ఏళ్లకు పైగా ఒకే తోటలో, బయటి రక్తం లేకుండా ఉన్నాయి. 1947 నాటి భయంకరమైన చలికాలం తర్వాత 13 మిగిలాయి. ఇప్పటి పశువులను పరీక్షిస్తే జన్యువుల్లో ఒకదానికొకటి దాదాపు తేడా లేదు. అయినా ఈనుతూనే ఉన్నాయి. తరతరాలుగా మరీ చెడ్డ జన్యువులున్నవి చచ్చిపోతూ రావడంతో మంద కొంత శుభ్రపడుతుంది.

కానీ దీన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి. అలా నిలబడ్డ మంద మనకు కనిపిస్తుంది కాబట్టి దాని గురించి మాట్లాడుకుంటున్నాం. నిలబడక అంతరించినవి మన ముందు లేవు. నమీబియాలో గరుబ్ దగ్గర ఎడారి గుర్రాలు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు గుర్రాల సంతానం, జన్యు వైవిధ్యం చాలా తక్కువ. ఎన్నో కరువులు తట్టుకున్నాయి. 2010ల్లో హైనాలు గుర్రప్పిల్లల రుచి మరిగి కొన్నేళ్లపాటు పుట్టిన పిల్లల్లో దాదాపు ఏదీ బతకలేదు. మంద ముసలిదైపోయింది. జన్యువులు సన్నబడ్డ మంద ప్రశాంతంగా ఉన్నంతకాలం బాగానే కనిపిస్తుంది. కరువో రోగమో మీద పడినప్పుడే దాని లోటు బయటపడుతుంది.

కవ్వాల్_బీట్ (జన్నారం)
అందరికీ నమస్కారం. అటవీ శాఖలో బీట్ డ్యూటీ చేసి రిటైరైనవాణ్ణి. కొంచెం వేరే మాట చెప్తాను, ఎవరూ నొచ్చుకోవద్దు. ఇవి అడవి జంతువులు కావు. మనిషి పెంచి వదిలేసిన జంతువులు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 షెడ్యూళ్లలో వీటి పేరు లేదు. తమిళనాడులో కోడికరై అభయారణ్యంలో కూడా ఇలా మచ్చిక తప్పిన గుర్రాలున్నాయి. అక్కడ కృష్ణజింకలు తినే గడ్డినే ఇవీ తింటాయి. జింకకు చాలినంత మేత దొరకకపోతే అభయారణ్యం ఎవరికోసం? ఆస్ట్రేలియాలో కొజియస్కో పార్కులో గుర్రాలు పెరిగిపోయి వాగుల ఒడ్లు, అక్కడి చిన్న చిన్న జీవుల నివాసాలు పాడవుతున్నాయని 2023లో హెలికాప్టర్ల నుంచి కాల్చడానికి మళ్లీ అనుమతి ఇచ్చారు. ఉన్న కొద్ది డబ్బు, కొద్ది సిబ్బంది అసలైన అడవి జంతువులకు పెట్టాలని నా అభిప్రాయం. కచ్‌లో అడవి గాడిద ఉంది. 1960ల్లో రోగాలొచ్చి కొన్ని వందలకు పడిపోయింది. షెడ్యూల్ 1లో పెట్టి కాపాడితే 2020 లెక్కల్లో 6,082 అయ్యాయి. శ్రమ అంటే అలాంటిదాని మీద పెట్టాలి.

పాకాల_పక్షి
సార్, మీరు అడవిలో బతికినవారు, మీ మాటను నేను తేలిగ్గా తీసుకోను. కోడికరై విషయంలో మీతో ఏకీభవిస్తాను. కానీ కోడికరైలో నిజమైనది దిబ్రు-సైఖోవాలోనూ నిజమని ఎలా అనగలం? అక్కడ ఈ గుర్రాలు ఏం తింటున్నాయి, దేని మేత తగ్గిస్తున్నాయి అన్నది కొలిచి చూడాలి. కొలవకుండా వదిలేస్తే లాభపడేది పట్టుకుపోయి అమ్ముకునేవాళ్లే. చట్టంలో పేరు లేకపోవడమే వాళ్లకు దారి.

మామునూరు_వెట్
నేను ఇంకో కోణం చెప్తాను కవ్వాల్ సార్. మన దేశంలో పెంపుడు గుర్రాలే కరిగిపోతున్నాయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు కలిపి 3.4 లక్షలు. 2012తో పోలిస్తే 45 శాతానికి పైగా తగ్గాయి. మణిపురి పోనీ అయితే, ఇప్పుడు ప్రపంచమంతా ఆడే పోలో పుట్టిందే దాని వీపు మీద, 2003లో 1,898 ఉంటే 2012కు 1,101కి వచ్చింది. మన దగ్గర జట్కాలు పోయాక గుర్రం అంటే పెళ్లి బరాత్ గుర్రమే. ఇలాంటప్పుడు మనిషి ఎంపిక లేకుండా, వరదల్లో, దోమల్లో, మందుల్లేకుండా ఎనభై ఏళ్లు బతికిన గుర్రాల్లో ఏముందో చూడకుండా పోగొట్టుకోవడం నాకు బాధ. అలాగని అవి ఏ పార్కులోనైనా ఎంతైనా పెరగాలని నేను అనను.

కవ్వాల్_బీట్
కొలిచి నిర్ణయించాలంటే ఒప్పుకుంటాను. కొలవకుండా ప్రేమతో మాత్రం నిర్ణయాలు చేయొద్దు.

ములుగు_టు_హబ్సిగూడ (హైదరాబాద్)
కొలవడం గురించి నేను రాస్తాను. పరిశోధక విద్యార్థిని, అడవి జంతువుల డీఎన్‌ఏ మీద పని చేస్తాను. గుర్రాన్ని పట్టుకోనక్కర్లేదు, మత్తు ఇవ్వనక్కర్లేదు. లద్ది చాలు. పేగు లోపలి పొర కణాలు లద్ది పైపొరకు అంటుకుని వస్తాయి. తాజా లద్ది పైభాగాన్ని మాత్రమే పుల్లతో గీరి ఆల్కహాల్ ఉన్న సీసాలో వేయాలి. లోపలి భాగమంతా గడ్డి పీచే, పనికిరాదు.

గుర్రాల దగ్గర ఒక చిక్కుంది. మగ గుర్రాలు ఒకే కుప్ప మీద ఒకదాని తర్వాత ఒకటి లద్ది వేస్తాయి, అది వాటి హద్దు గుర్తు లాంటిది. ఆ కుప్ప నుంచి తీస్తే నాలుగు గుర్రాల డీఎన్‌ఏ కలిసిపోయి వస్తుంది. కాబట్టి గుర్రం వేయడం కళ్లారా చూసి, అది పక్కకు జరిగాక, ఆ ఉండల నుంచే తీసుకోవాలి. వెంట్రుకలు దొరికితే ఇంకా మేలు, కానీ కుదురు ఉండాలి. తెగిన వెంట్రుకలో పనికొచ్చే డీఎన్‌ఏ చాలా తక్కువ. వాటిని కాగితం కవర్లో పెట్టండి. ప్లాస్టిక్ కవరైతే చెమ్మ పట్టి పాడవుతాయి.

ల్యాబ్‌లో డీఎన్‌ఏలో కొన్ని నిర్ణీత చోట్ల ఒకే చిన్న ముక్క వరసగా ఎన్నిసార్లు మళ్లీ మళ్లీ వచ్చిందో చూస్తాం. ఒక్కో చోట మందలో ఎన్ని రకాలున్నాయో లెక్కిస్తే వైవిధ్యం తెలుస్తుంది. తల్లి నుంచి మాత్రమే వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూస్తే ఆ మందకు మూలం ఎన్ని ఆడ గుర్రాలో అంచనా వేయొచ్చు. అవి మణిపురి పోనీలకు దగ్గరా, భూటియా గుర్రాలకు దగ్గరా, సైన్యం తెచ్చిన వేరే జాతులకు దగ్గరా అన్నది కూడా అప్పుడే తేలుతుంది. ఇలాంటి పనికి హిసార్‌లో అశ్వ పరిశోధన కేంద్రం ఉంది. మన హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వారి లాకోన్స్ అనే వన్యప్రాణి డీఎన్‌ఏ ల్యాబ్ ఉంది.

లెక్కల_టీచర్
అమ్మా, వైవిధ్యం బాగా తగ్గిందని తేలితే తర్వాత ఏం చేస్తారు? పోయినవి తిరిగి రావని నేనే రాశాను కదా.

ములుగు_టు_హబ్సిగూడ
ఆ మందలో తిరిగి రావు సార్, బయట ఎక్కడైనా మిగిలుంటే తేవచ్చు. దీనికి పెద్ద ఉదాహరణ మంగోలియాలోని ప్రెవాల్‌స్కీ గుర్రం. 1969 తర్వాత అడవిలో ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఉన్నవన్నీ జూలలో మిగిలిన డజను చిల్లర మూల జంతువుల సంతానం. 1992 నుంచి మళ్లీ మంగోలియాలో వదిలారు. అయితే మధ్యలో కొన్ని వంశాలు సన్నబడ్డాయి. 1980లో శాన్ డియాగోలో ఒక మగ గుర్రం కణాలు గడ్డకట్టించి దాచారు. 2020 ఆగస్టులో వాటితో కర్ట్ అనే క్లోన్ గుర్రాన్ని పుట్టించారు. నలభై ఏళ్ల కిందటి జన్యువులు మళ్లీ మందలోకి వచ్చే అవకాశం దొరికింది. దాచిపెట్టి ఉండబట్టే అది సాధ్యమైంది. దిబ్రు-సైఖోవా నుంచి ఎవరైనా ఇవాళ కొన్ని నమూనాలు తీసి దాచినా రేపటికి పనికొస్తాయి.

మామునూరు_వెట్
మామూలు మందలకు క్లోనింగ్ దాకా పోనక్కర్లేదు. అమెరికాలో 1971 చట్టం కింద కాపాడే అడవి గుర్రాల మందలకు వాళ్ల మార్గదర్శకాల్లో రాసుకున్నది ఇదే: మందలో 150 నుంచి 200 ఉంటే మంచిది. వైవిధ్యం తగ్గితే పదేళ్లకోసారి, అంటే తరానికోసారి, బయటి నుంచి ఒకటి రెండు కుర్ర ఆడ గుర్రాలను తెచ్చి వదలాలి. గొంగడి అన్న తాతగారి పద్ధతి అన్నానే, ఇదే.

ఇక్కడ పొట్టేలుకూ గుర్రానికీ ఒక తేడా ఉంది. గుర్రాల్లో మగదాన్ని తెస్తే రెండు ప్రమాదాలు. స్థానిక మగవి దాన్ని కొట్టి తరిమేస్తే శ్రమంతా వృథా. అది గెలిస్తే కొన్నేళ్లలో పిల్లల్లో సగం దానివే అయి పాత వంశాలు మునిగిపోతాయి. కుర్ర ఆడదాన్ని ఏదో ఒక గుంపు తేలిగ్గా చేర్చుకుంటుంది, ఏడాదికో పిల్ల చొప్పున కొత్త రక్తం నెమ్మదిగా కలుస్తుంది.

అమెరికాలోనే అసాటీగ్ దీవిని చూడండి. మధ్యలో కంచె. మేరీల్యాండ్ వైపు మంద పెరగకుండా 1994లో ఆడ గుర్రాలకు దూరం నుంచి సూది వేసి చూలు ఆపడం మొదలుపెట్టారు. ఏ ఆడ గుర్రం వంశమూ తెగిపోకుండా ఏది దేనికి పుట్టిందో రాసుకుని మరీ వేశారు. వర్జీనియా వైపు మందను ఫైర్ సర్వీసు వాలంటీర్లు చూసుకుంటారు, ఏటా జూలైలో ఈదించి తీసుకొచ్చి పిల్లల్ని వేలం వేస్తారు. పెద్దవి 150 మించకూడదని పరిమితి. మూడు రకాల పద్ధతులు చూశాం: కెనడావాళ్లది ముట్టుకోకపోవడం, మేరీల్యాండ్‌ది సూది, వర్జీనియాది వేలం. మూడు చోట్లా మంద రికార్డు పక్కాగా ఉంది. మన దగ్గర ముందు కావలసింది ఆ రికార్డే.

గొంగడి
సార్, ఒక మాట అడుగుతా. 2017లో ప్రభుత్వ గొర్రెల పంపిణీలో మాకు యూనిట్ వచ్చింది. 20 ఆడ గొర్రెలు, ఒక పొట్టేలు. టీచర్ సార్ లెక్క ప్రకారం దాని బలం ఎంత?

లెక్కల_టీచర్
4 ఇంటూ 1 ఇంటూ 20, బై 21. సుమారు 3.8. తరానికి 13 శాతం పోతుంది. పొట్టేలును మార్చకుండా దాని కూతుళ్ల మీదికే వదిలితే ఇంకా ఘోరం.

గొంగడి
అదే నేను అనుకున్నది. మా వాడలో సగం మంది మార్చలేదు. పైగా బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన గొర్లకు ఉన్ని లేదు. మా దక్కనీ నల్ల గొర్లతో కలిసినయి. ఇప్పుడు గొంగడి నేద్దామంటే మంచి నల్ల ఉన్ని దొరుకుతలేదు.

మామునూరు_వెట్
గుర్రాల విషయంలోనూ నేను భయపడేది ఇదే అన్నా. రక్తం మార్చాలి అనగానే ఎక్కడిదో ఒకటి తెచ్చి కలిపేస్తారు. దిబ్రు-సైఖోవాలో రేపు ఎవరైనా మంచి ఉద్దేశంతోనే రేసు గుర్రాన్ని తెచ్చి వదిలితే, ఆ వరదను ఓర్చుకునే గుణమే కొట్టుకుపోవచ్చు. తెచ్చేది అదే నేలకు, అదే వాతావరణానికి దగ్గరదై ఉండాలి. అందుకే డీఎన్‌ఏ పరీక్ష ముందు, గుర్రం తర్వాత. మీ మందకైతే దక్కనీ పొట్టేలునే వేరే ఊరి నుంచి మార్చుకోండి. తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టేసి, బ్రూసెల్లా (చూలు పోగొట్టే అంటురోగం) పరీక్ష చేయించి, అప్పుడు మందలో కలపండి. గుర్రాలకైతే గ్లాండర్స్ అనే ప్రాణాంతక అంటురోగం పరీక్ష తప్పనిసరి. దానికి టీకా లేదు, పాజిటివ్ వస్తే పశువుల అంటురోగాల 2009 చట్టం ప్రకారం ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. పరీక్ష లేకుండా తెచ్చిన ఒక్క గుర్రం కాపాడదామనుకున్న మందను తుడిచేస్తుంది.

గొంగడి
సరే సార్. పాలకుర్తి దిక్కు మా బంధువుల దగ్గర పాత దక్కనీ మంద ఉంది. మార్చేముందు మీకు ఫోన్ చేస్తా.

హాలిఫాక్స్‌లో_ఓరుగల్లు
పాకాల అన్నా, మీరు తీసిన గుర్రాల ఫొటోలు తేదీ, చోటు రాసి దాచండి. సేబుల్‌లో పని మొదలయ్యేది ఫొటోతోనే. నుదుటి మచ్చ, కాళ్ల తెలుపు, చెవి గాటు చూసి ఒక్కోదాన్ని గుర్తుపడతారు.

పాకాల_పక్షి
దాదాపు అరవై ఫొటోలున్నాయి. వారంలో సర్ది పెడతాను. వచ్చే చలికాలం మళ్లీ వెళ్తున్నాం. ములుగు చెల్లెమ్మా, లద్ది నమూనాలు మేమే తెచ్చి ఇవ్వొచ్చా?

ములుగు_టు_హబ్సిగూడ
వద్దన్నా. నేషనల్ పార్కులోంచి లద్ది తీయాలన్నా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. అనుమతి లేని నమూనాను ఏ ల్యాబూ తీసుకోదు, మీకు కేసు టెన్షన్ అదనం. ఫొటోలు తీయండి, జీపీఎస్ ఆన్ చేసి ఉంచండి, గుంపులో మగవి ఎన్ని, ఆడవి ఎన్ని, ఆ ఏడాది పిల్లలు ఎన్ని అని రాసుకోండి. విడిగా తిరిగే కుర్ర మగవాటిని కూడా వేరే వరుసలో రాయండి, అందరూ వదిలేసేది వాటినే. అస్సాంలో ఈ పని చేయగల పరిశోధకులను నేను వెతుకుతాను, మీ పట్టిక జతచేసి వాళ్లకు మెయిల్ రాద్దాం.